నర్సింగ్‌లో చేరే ముందు ఏం చదవాలి? ముందు బాగున్న మనిషిని చూడు

అడిగిన ప్రశ్న ఇది: "మాది దేవరకొండ దగ్గర తండా. ఇంటర్ బైపీసీ, తెలుగు మీడియం. బీఎస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది. క్లాసులకు ఇంకా రెండు నెలలు ఉంది. సీనియర్ దగ్గర అనాటమీ పుస్తకం తెచ్చుకుని తెరిస్తే ఒక్క ముక్క అర్థం కావడం లేదు, టెన్షన్‌గా ఉంది. ఈలోపు ఏం చదవాలి? ఇంకోటి, రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. ఈ చదువు నాకు పనికొస్తుందా?"

బిడ్డా, ముందు ఆ పుస్తకం మూసి సీనియర్‌కి ఇచ్చెయ్. నేను నల్గొండలో ఇరవై ఆరేళ్లు వార్డుల్లో పనిచేసి, తర్వాత కొత్తగా చేరిన పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. ఎముకల పేర్లు ముందే బట్టీ పట్టి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. మొదటి నెల దాటేసరికి వాళ్లకూ మిగతావాళ్లకూ తేడా ఏమీ ఉండదు. అయితే ఒక తేడా మాత్రం నాలుగేళ్లూ కనిపిస్తుంది. బాగున్న మనిషి ఎలా ఉంటాడో తెలిసిన పిల్ల వార్డులోకి వచ్చిన రోజే, ఏ మంచం దగ్గర ఏదో తేడాగా ఉందో పసిగడుతుంది. జబ్బుల గురించి చదివి వచ్చిన పిల్లకు అన్ని మంచాలూ ఒకేలా కనిపిస్తాయి. ఈ రెండు నెలల్లో జబ్బుల జోలికి పోకు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను లెక్కపెట్టు.

లెక్కపెట్టు అని నిజంగానే అంటున్నాను. సెకన్ల ముల్లున్న వాచీ ఒకటి కొనుక్కో, రెండు మూడు వందల్లో దొరుకుతుంది. మీ నాన్న నాడి పట్టుకో. బొటనవేలి మొదలుకు కింద, మణికట్టు మీద, నీ మూడు వేళ్లు ఆనించి. నీ బొటనవేలితో పట్టుకోకు, దానిలోనే ఒక నాడి కొట్టుకుంటుంది, నీ నాడినే ఆయన నాడి అనుకుంటావు. పెద్దవాళ్లకు నిమిషానికి 60 నుంచి 100. ఇప్పుడు పక్కింట్లో ఈ మధ్యే పుట్టిన పాప ఉంటే నిద్రపోతున్నప్పుడు ఛాతీ మీద మెల్లగా చెయ్యి పెట్టి చూడు. 120, 140 కొట్టుకుంటుంది. గుండె చిన్నది, ఒక్కసారికి నెట్టే రక్తం కొంచెం, అందుకే ఎక్కువసార్లు కొట్టుకోవాలి. ఇలా చేత్తో తెలుసుకుంటే ‘నవజాత శిశువు, 120 నుంచి 160’ అనే వాక్యం జన్మలో మర్చిపోవు.

ఊపిరి లెక్కపెట్టడంలో ఒక కిటుకు ఉంది. "నీ ఊపిరి లెక్కపెడుతున్నా" అని చెప్పావంటే ఆ మనిషి ఊపిరి మారిపోతుంది. నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని ఉండి, చూపు పొట్ట మీదికి మళ్లించు. నిండా ఒక నిమిషం. పదిహేను సెకన్లు లెక్కేసి నాలుగుతో హెచ్చవేసే అలవాటు చేసుకోకు, అది నాకు అస్సలు నచ్చదు. పెద్దవాళ్లకు 12 నుంచి 20. పిల్లల విషయంలో ఈ లెక్క ప్రాణాలు కాపాడుతుంది. రెండు నెలల లోపు పాపకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నుంచి పన్నెండు నెలల వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 ఉంటే, దగ్గుతో ఉన్న ఆ పాపకు న్యుమోనియా అని అనుమానించాలి. ఎక్స్‌రే లేని పల్లెలో ఆశా కార్యకర్త చేతిలో ఉన్న పరికరం ఈ లెక్క ఒక్కటే.

బీపీ మిషన్ ఎవరి దగ్గరైనా ఉంటే ఒకే మనిషికి రెండు రకాలుగా చూడు. పొలం నుంచి రాగానే, మాట్లాడుతుండగా, చొక్కా చెయ్యి మీదే పట్టీ చుట్టి ఒకసారి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున పెట్టి, మాటలు ఆపి ఇంకోసారి. చాలామందికి అంకెలు తేడా వస్తాయి. మొదటి దాన్ని నమ్మి జీవితాంతం మాత్రలు మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే కూడా ఎక్కువ చూపిస్తుంది. మిషన్ అబద్ధం ఆడదు కానీ, మనం అడిగే తీరును బట్టి జవాబు ఇస్తుంది.

ఇక ఇంగ్లీషు భయం. తెలుగు మీడియం నీకు అడ్డం కాదు, ఒక చోట అయితే అది సాయమే. పదో తరగతిలో సమాసాలకు విగ్రహవాక్యాలు రాశావు కదా. వైద్యం మాటలు అచ్చంగా సమాసాలే, గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించినవి. ‘హైపోగ్లైసీమియా’ను విడదీయి: హైపో అంటే తక్కువ, గ్లైస్ అంటే చక్కెర, ఈమియా అంటే రక్తంలో. విగ్రహవాక్యం: రక్తంలో చక్కెర తక్కువగా ఉండటం. చివర ‘ఐటిస్’ ఉంటే వాపు, మంట. గ్యాస్ట్రైటిస్ పొట్టకు, హెపటైటిస్ కాలేయానికి, నెఫ్రైటిస్ మూత్రపిండానికి, ఆర్థ్రైటిస్ కీలుకు. టాకీ అంటే వేగం, బ్రాడీ అంటే నెమ్మది. ఇలాంటి ముక్కలు ఓ అరవై వస్తే పుస్తకంలో సగం పదాలు వాటంతట అవే విడిపోతాయి. జాగ్రత్తగా ఉండాల్సినవి వినడానికి దగ్గరగా ఉండేవి. ‘ఎక్టమీ’ అంటే తీసేయడం, ‘ఆస్టమీ’ అంటే దారి తెరవడం, ‘ఆటమీ’ అంటే కోయడం. హైపో, హైపర్ సంగతీ అంతే. ఫోన్లో చెప్పేటప్పుడు నేను ఈ రోజుకీ "తక్కువ", "ఎక్కువ" అని తెలుగులోనే అంటాను. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

పుస్తకంలో ఉండని ఇంకో భాష ఉంది, అది పేషెంట్ల భాష. అది నీకు పుట్టుకతోనే వచ్చు. మన దగ్గర ఎవరూ వచ్చి "నాకు పాల్పిటేషన్స్ (గుండె దడ) ఉన్నాయి" అనరు. "పాణం గాబరైతుంది సిస్టరూ" అంటారు. దాని వెనుక భయం ఉండొచ్చు, రక్తహీనత ఉండొచ్చు, గుండె లయ తప్పి ఉండొచ్చు, చక్కెర పడిపోయి ఉండొచ్చు. నా ఉద్యోగం రెండో ఏట ఒక పెద్దమ్మ ఈ మాటే అంది. బీపీ చూశాను, 130/80. "బాగానే ఉంది, పండుకో అమ్మా" అన్నాను. ఇరవై నిమిషాల తర్వాత మా పెద్ద సిస్టర్ అటుగా పోతూ ఆమె చెయ్యి ముట్టుకుని ఆగిపోయింది. చల్లగా, చెమటతో తడిసి ఉంది. షుగర్ చూస్తే 42. శనివారం ఒక్కపొద్దు ఉండి, షుగర్ మాత్ర మాత్రం మర్చిపోకుండా వేసుకుందట. 70 కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క. చక్కెర పడిపోతే శరీరం అడ్రినలిన్ వదులుతుంది, అందుకే దడ, వణుకు, చెమట. అప్పటికీ పట్టించుకోకపోతే మెదడు మసకబారుతుంది, మెదడుకు రోజువారీ తిండి గ్లూకోజే కాబట్టి. డాక్టర్ గారు డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజ్, రాసి ఎక్కించాక ఆమె లేచి కూర్చుని టీ అడిగింది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. బీపీ మిషన్ చుట్టాను గానీ చెయ్యి ముట్టుకోలేదు.

అలాంటిదే ఇంకో మాట, ‘గ్యాస్’. మన పాలమూరు, నల్గొండ మనుషులకు ఛాతీలో ఏం జరిగినా గ్యాసే. సోడా తాగి, జీలకర్ర నమిలి, చివరికి నడుచుకుంటూ వస్తారు. మధ్య వయసు మనిషి, చెమటలు, దవడలోకో ఎడమ చేతిలోకో లాగడం ఉంటే గ్యాస్ మాత్ర వెతకొద్దు. వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో నొప్పే లేకుండా ఉత్త ఆయాసంతో, వాంతితో గుండెపోటు రావచ్చు. ఈ రెండు నెలల్లో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని మీ తండాలో, మీ అమ్మమ్మ ఇంటి దగ్గర ఒంట్లో బాగాలేనప్పుడు జనం ఏమంటారో రాసుకో. దమ్ము వస్తుంది, కండ్లు తిరుగుతున్నయ్, తిమ్మిర్లు, సలిజరం, పాణం బాగ లేదు. మీ ఇంటి భాషలోవి కూడా. కాలేజీలో ఒక్కోదాని ఎదుట ఇంగ్లీషు పదాలు రాసుకుంటూ పో. గోర్‌బోలీ, అంటే లంబాడీ భాష, తెలిసిన నర్సు వార్డులో ఉంటే తండా నుంచి వచ్చిన ముసలమ్మకు ఎంత ధైర్యమో నేను కళ్లారా చూశాను.

సరే, శరీరం గురించి అసలు చదవొద్దా అంటావేమో. చదువు, అయితే మన జిల్లాలో కనిపించేదాని నుంచి మొదలుపెట్టు. ఎముకలు 206 అని అందరికీ వచ్చు. ఎముక రాయి కాదు, రోజూ కరుగుతూ కట్టుకుంటూ ఉండే జీవమున్న పదార్థం అని మర్రిగూడ, నాంపల్లి వైపు పోయి ఒక పెద్దాయన వెన్ను చూస్తే అర్థమవుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముక స్ఫటికాల్లోకి చొరబడుతుంది. ఎముక చిక్కబడుతుంది, కీళ్ల దగ్గరి నరాలు అని మనం అనే లిగమెంట్లు గట్టిపడతాయి, నడుము వంగి మెడ తిరగదు. పళ్ల మీద మచ్చలు మాత్రం పన్ను చిగురు కింద తయారవుతున్న పసితనంలో ఆ నీళ్లు తాగినవాళ్లకే వస్తాయి. పెద్దయ్యాక ఆ ఊరికి కోడలుగా వచ్చిన ఆమెకు నడుము పోవచ్చు గానీ పళ్లు తెల్లగానే ఉంటాయి. ఎందుకో ఒక్క నిమిషం ఆలోచించు, పన్ను ఎలా పుడుతుందో నీకు నువ్వే చెప్పుకుంటావు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ తయారుచేసింది. దాని పేరే ‘నల్గొండ టెక్నిక్’. ఇతర దేశాల పుస్తకాల్లో కూడా మన ఊరి పేరు అలా ఉంది. సంతోషించాలో బాధపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎండ కూడా పెద్ద పాఠమే. మే నెలలో 44 డిగ్రీలు మనకు కొత్త కాదు. జ్వరంలో ఒళ్లు కాలుతుంది, వడదెబ్బలోనూ కాలుతుంది. మరి ఒకదానికి పారాసిటమాల్ పనిచేసి ఇంకోదానికి ఎందుకు పనిచేయదు? మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒంటి వేడికి ఒక గురి ఉంటుంది, 37 డిగ్రీలు అనుకో. జ్వరంలో ఆ గురే పైకి జరుగుతుంది, అందుకే ఒళ్లు కాలుతున్నా చలి పుట్టి దుప్పటి కప్పుకుంటాం. పారాసిటమాల్ ఆ గురిని మళ్లీ కిందికి దించుతుంది. వడదెబ్బలో గురి సరిగ్గానే ఉంది, వేడిని బయటికి పంపే ఏర్పాటు కుప్పకూలింది. మాత్రకు అక్కడ పని లేదు. ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారన్‌హీట్, దాటి మనిషి తికమకగా మాట్లాడుతుంటే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిపి, గాలి కొట్టి వెంటనే చల్లబరచాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఓఆర్ఎస్. ఉత్త నీళ్లు కాకుండా ఉప్పు, చక్కెర ఎందుకు? పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ రెండూ జోడీగా లోపలికి వెళ్లే ద్వారం ఉంది. ఒకటి ఉంటేనే రెండోదానికి తలుపు తెరుచుకుంటుంది, వాటి వెనకే నీళ్లు పోతాయి. కలరాలో కూడా ఆ ద్వారం చెడదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే దిలీప్ మహలనాబిస్ అనే డాక్టర్ డ్రమ్ముల్లో ఈ నీళ్లు కలిపి, చుట్టాల చేతే తాగించి వేలమందిని బతికించారు. చక్కెర ఎక్కువ వేస్తే మంచిదని కొందరు అమ్మలు ఇంకో రెండు చెంచాలు కలుపుతారు. అప్పుడు పేగు ఒంట్లోని నీటినే బయటికి గుంజుతుంది, విరేచనాలు పెరుగుతాయి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలపడం కూడా అదే తప్పు. ఆ మాట ఓపిగ్గా చెప్పడం నీ పనిలో భాగం.

రక్తం గురించి రెండే మాటలు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత. ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి (ఆ ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసే పద్ధతి కనిపెట్టిన బృందాన్ని నడిపించింది మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు). దాన్ని టీతో వేసుకుంటే సగం వృథా, నిమ్మరసంతో అయితే బాగా ఒంటపడుతుంది. దొడ్డికి నల్లగా వస్తుందని ముందే చెప్పు. చెప్పకపోతే భయపడి మాత్రలు దిబ్బ మీద పడేస్తారు.

రెండోది గడ్డకట్టడం. రక్తపింజర కరిస్తే దాని విషం గడ్డకట్టే పదార్థాలన్నింటినీ ఖర్చు చేసేస్తుంది. దీన్ని పట్టడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి వంచి చూడాలి. ఇంకా నీళ్లలా పారితే విషం ఎక్కినట్టే. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, మధ్యలో ఊపి చూసినా పనికిరాదు. ఆ ఇరవై నిమిషాలు ఆగలేక ఊపిన పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. నాగుపాము, కట్లపాము విషం వేరు, అది నరాల నుంచి కండరాలకు కబురు అందనివ్వదు. ముందు కనురెప్పలు వాలుతాయి, చివరికి ఊపిరి కండరాలు ఆగుతాయి. కట్లపాము రాత్రి కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లారి కడుపునొప్పి, రెప్పలు బరువు అని వచ్చిన కూలీ మనిషిని "రాత్రి ఎక్కడ పడుకున్నావ్?" అని అడగాలి.

పత్తి చేలల్లో పురుగుల మందు కొట్టి పడిపోయినవాళ్లు కూడా మన క్యాజువాలిటీకి మామూలే. కంటిపాప సూదిమొనంత అయిపోవడం, నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, నాడి మందగించడం. ఫిజియాలజీలో నరాల కబురు మోసే ‘అసిటైల్‌కోలిన్’ అనే రసాయనం పాఠం వచ్చినప్పుడు అందరూ నిద్రపోతారు. నువ్వు మేలుకుని విను. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు ఆ రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తుంది, అందుకే ఇవన్నీ. దానికి విరుగుడుగా అట్రోపిన్ ఎందుకు ఇస్తారో ఆ ఒక్క పాఠంలో ఉంది. బట్టలు తీసేసి ఒళ్లు కడగాలి, నువ్వు గ్లౌజులు వేసుకునే చెయ్యాలి, ఆ మందు చర్మం గుండా నీలోకీ వస్తుంది.

లెక్కలు వదిలేశాను కదా అని బైపీసీ పిల్లలు సంబరపడతారు. వార్డులో లెక్కలే లెక్కలు. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో పోవాలి, సెలైన్ ఎక్కించే గొట్టం సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది. 500ను 20తో హెచ్చవేసి 240 నిమిషాలతో భాగించు, నిమిషానికి 42 చుక్కలు. పిల్లల పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు అనుకుంటే పది కిలోల బాబుకు 150. సిరప్ 5 మిల్లీలీటర్లలో 125 ఉండేది ఉంది, 250 ఉండేదీ ఉంది. మొదటిదైతే 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3 మాత్రమే. సీసాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. "ఒక మూత పొయ్యండి" అని ఎప్పుడూ చెప్పకు. ఇంట్లో ఉన్న మందు సీసాల లేబుళ్లు తీసి రోజుకు రెండు ఇలాంటి లెక్కలు చెయ్యి.

చేతులు కడగడం, చెత్త డబ్బాల రంగులు మొదటి వారంలోనే నేర్పుతారు, వాటికి ఇప్పుడు తొందర లేదు. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టకూడదని మాత్రం ఇప్పుడే మెదడులో వేసుకో. గుచ్చుకుంటే పిండొద్దు, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. తిడతారని దాచిన పిల్లను ఎరుగుదును. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, 0, 1, 6 నెలలకు. వార్డుల్లోకి వెళ్లే ముందే మొదలుపెట్టించుకో.

చిన్న ఊళ్లవాళ్లం కాబట్టి ఇదొకటి చెప్పాలి. నువ్వు పనిచేసే వార్డులో మీ తండావాళ్లు, మీ ఇంటి పక్కవాళ్లు పడతారు. ఎవరికి ఏ పరీక్షలో ఏం వచ్చిందో, ఏ అమ్మాయి ఎందుకు చేరిందో నీకు తెలుస్తుంది. అది బస్సులో గానీ, మీ అమ్మ దగ్గర గానీ నోరు జారకూడదు. హెచ్‌ఐవీ విషయంలో అయితే 2017 చట్టమే ఉంది. వార్డులో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టుకోవడం, వెనక మంచం మీద ఎవరో పడుకుని ఉండగా, నాకు ఎంత చెప్పినా కోపం తగ్గని విషయం.

చేరకముందే ‘ఫౌండేషన్ కోర్సు’ అని వేలు అడిగేవాళ్లకు డబ్బు కట్టకు. ఆ డబ్బుతో వాచీ, ఒక మామూలు స్టెతస్కోప్, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు వస్తాయి.

చివరిది, రక్తం చూస్తే కళ్లు తిరగడం. ఇది పిరికితనం కాదు, శరీరం చేసే పని. కొందరిలో ఆ దృశ్యం చూడగానే వేగస్ అనే నాడి గుండెను మందగింపజేస్తుంది, కాళ్లలోని రక్తనాళాలు వదులవుతాయి, బీపీ పడిపోతుంది, మెదడుకు రక్తం తగ్గుతుంది. ముందుగా చెవుల్లో హోరు, పెదవుల దగ్గర చల్లదనం తెలుస్తాయి. అవి రాగానే మొహమాటపడకుండా కింద కూర్చుని తల మోకాళ్ల మధ్య పెట్టు, లేదా పడుకుని కాళ్లు ఎత్తిపెట్టు. నిలబడే ఉండాల్సి వస్తే తొడల కండరాలు, పిడికిళ్లు బిగించి వదులుతూ ఉండు. పొద్దున ఏమీ తినకుండా డ్యూటీకి పోకు. చూడగా చూడగా ఎక్కువమందికి తగ్గిపోతుంది. నేను మొదటి నెలలో రెండుసార్లు పడ్డాను. రెండోసారి డ్రెస్సింగ్ ట్రేతో సహా, సర్జన్ గారి కాళ్ల మీద.